నేపాల్ వెళ్లే కారుకు ఇన్సూరెన్స్: కవర్ చవకే, క్లెయిమ్ మాత్రం మనమే నడిపించుకోవాలి

శ్రీకాకుళం వాళ్లకు బోర్డరంటే ఇచ్ఛాపురం. పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి ఒడిశాలో పడ్డా, అక్కణ్నుంచి బెంగాల్, బీహార్ చుట్టినా కారు పాలసీకి ఏమీ కాదు. యూపీ సరిహద్దులోని సునౌలీ గేటు దాటి నేపాల్లోకి చక్రం దిగిందా, అదే పాలసీ చిత్తుకాగితం. బుక్‌లెట్‌లో ‘జనరల్ ఎక్సెప్షన్స్’ దగ్గర మొదటి అంశం చదవండి: జియోగ్రాఫికల్ ఏరియాకు బయట జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదు. షెడ్యూల్లో, అంటే మన పాలసీ వివరాలుండే పేజీలో, ఆ ఏరియా ఎదురుగా ‘ఇండియా’ అన్న ఒక్క మాటే ఉంటుంది.

దీనికి మందు జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్ ఎండార్స్‌మెంట్, అంటే వేరే దేశానికీ కవర్ పొడిగిస్తూ పాలసీకి జత చేసే కాగితం. కాగితాల మీద ‘ఐఎంటీ 1’ అని ఉంటుంది, ఏజెంటుతో ‘నేపాల్ ఎండార్స్‌మెంట్’ అంటే చాలు. కాశీ, గయ చూసుకుని అటునుంచి అటే పశుపతినాథ్‌, ముక్తినాథ్‌కు సొంత బండిలో వెళ్లేవాళ్లు మన వైపు ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. మా ఇంటి కారుకు కొన్నేళ్లుగా ప్రతి రిన్యువల్‌లోనూ దీన్ని కలిపిస్తున్నాం. క్లెయిమ్ కూడా నడిపి చూశాం. ధరకు వంక పెట్టలేను. సర్వీసుకు మాత్రం మంచి మార్కులు వేయలేను.

ధర సంగతి ముందు. 2002 మోటార్ టారిఫ్ ప్రకారం ప్యాకేజీ పాలసీకి (మన బండి నష్టం, ఎదుటివాళ్ల నష్టం రెండూ కలిపినది) రూ. 500, లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టం) ఒక్కదానికే అయితే రూ. 100. ఓన్ డ్యామేజ్ (ఓడీ, మన బండి నష్టం) రేట్ల మీద నియంత్రణ 2007లో ఎత్తేసినా పాత అంకెలు చాలాచోట్ల అలాగే నడుస్తున్నాయి. మాకు ఓడీ కాలమ్‌లో 500, టీపీ (థర్డ్ పార్టీ) కాలమ్‌లో 100 వేస్తారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 708. బండి చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

ఆ రెండు కాలమ్‌ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓడీ మాత్రం ఏటా రిన్యువల్. రెండో ఏడు తక్కువకు వస్తోందని ఓడీని వేరే కంపెనీకి మారుస్తాం. అప్పుడు మీ చేతిలో రెండు పాలసీలు, రెండు కంపెనీలు. ఎండార్స్‌మెంట్ రెండింటి మీదా పడాలి. ఓడీ మీద మాత్రమే ఉంటే బంపర్‌కు డబ్బు వస్తుంది గానీ, అక్కడ ఎవరికైనా తగిలితే ఆ నష్టపరిహారం మీ నెత్తి మీదే. రెండిట్లో ఇదే పెద్ద ప్రమాదం. షోరూమ్‌లో అడిగితే ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటారు, నమ్మకండి. షెడ్యూల్లో దేశం పేరు, ‘నుంచి–వరకు’ తేదీలు కళ్లతో చూసుకోండి. తేదీలు ప్రయాణం వరకే వేయించుకుంటే వర్షానికి రోడ్డు మూసేసి రెండు రోజులు ఆగిపోయినప్పుడు కవర్ మధ్యలో తెగిపోతుంది. పాలసీ కాలం మొత్తానికీ వేయించుకోవడం మేలు.

యాప్‌లో కొన్న పాలసీల్లో ఈ ఆప్షన్ సాధారణంగా కనిపించదు. కంపెనీ శాఖకే వెళ్లాలి. ప్రభుత్వ రంగ కంపెనీల ఆఫీసులు శ్రీకాకుళం, విజయనగరం రెండు ఊళ్లలోనూ ఉన్నాయి, అక్కడ ఈ మాట చెబితే అర్థమవుతుంది. ఆర్‌సీ కాపీ, పాలసీ కాపీ, దేశం పేరు, తేదీలతో ఒక అర్జీ ఇస్తే సరిపోతుంది. పాలసీ మధ్యలో అడిగితే బండి ఫొటోలు గానీ, ఇన్‌స్పెక్షన్ గానీ అడగొచ్చు, కాబట్టి కనీసం వారం ముందు కదలండి. వెనక తేదీ వేసి ఇవ్వరు. టారిఫ్ జాబితాలో ఉన్నవి ఆరే దేశాలు: నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్. మయన్మార్ మీదుగా థాయిలాండ్ పోదామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. శ్రీలంకకు ఓడలో పంపితే సముద్రం మీదున్నంతసేపూ కవర్ ఉండదు.

ఎండార్స్‌మెంట్ పడినంత మాత్రాన యాడ్-ఆన్‌లన్నీ (విడిగా డబ్బు కట్టి కలుపుకునే అదనపు కవర్లు) బోర్డర్ దాటవు. మా పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇండియాకే పరిమితం. టోయింగ్‌కు ప్రామాణిక పాలసీ ఇచ్చేది రూ. 1,500. నేపాల్లోని ముగ్లింగ్ కొండల్లోంచి బండిని కిందకు దింపడానికి అది ఏ మూలకు? అదనపు టోయింగ్ కవర్ ఉంటే తీసుకోండి. జీరో డెప్ (భాగాల పాతదనానికి కోత వేయని కవర్) అక్కడా వర్తిస్తుందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. అది లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది, నేపాల్ ఘాట్ల మీద విరిగేవి ఎక్కువగా అవే. ఓనర్-డ్రైవర్‌కు ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడి పాలసీగా తీసుకుని ఉంటే ఈ ఎండార్స్‌మెంట్ దాన్ని తాకదు. పక్కన కూర్చున్నవాళ్ల ఆసుపత్రి ఖర్చుకు ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే చూసుకోవాల్సిందే.

బోర్డర్లో కాగితాల పని ‘భన్సార్’ దగ్గర. అంటే నేపాల్ కస్టమ్స్ ఆఫీసు. రోజుల లెక్కన డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. ఆర్‌సీ, లైసెన్స్ ఒరిజినల్ కార్డులు పట్టుకెళ్లండి. మన రాష్ట్రంలో కార్డులు ఇవ్వడం కొన్నాళ్లు ఆపి ఫోన్‌లో కాపీ చాలన్నారు. ఆ మాట అక్కడ చెల్లదు. బండి మీ పేరున లేకపోతే ఓనర్ అధికార పత్రం, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ దగ్గర ఉండాలి. మనుషులకు పాస్‌పోర్టో, ఓటరు కార్డో కావాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు తప్ప ఆధార్ చాలదు.

ఇక క్లెయిమ్. దెబ్బ తగిలిన చోట బండి కదపకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఒకదాంట్లో నంబరు ప్లేటు, ఒకదాంట్లో రోడ్డు బోర్డో కిలోమీటరు రాయో పడాలి. ట్రాఫిక్ పోలీసు నంబరు 103. వాళ్ల రిపోర్టు లేకుండా ఊరు దాటొద్దు. కంపెనీ 1800 నంబరు నేపాల్ సిమ్‌తో తగలదు. శాఖ ల్యాండ్‌లైన్, క్లెయిమ్స్ మెయిల్ ఐడీ ముందే రాసి పెట్టుకుని, ఆ రోజే ఫొటోలతో మెయిల్ కొట్టండి. నష్టం 50 వేలు దాటితే లైసెన్సున్న సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) చూడకుండా సెటిల్ చేయరు. కాబట్టి ‘ఇక్కడే సర్వే చేయిస్తారా, గోరఖ్‌పూర్ తీసుకురమ్మంటారా’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకుండా అక్కడి షెడ్డులో విప్పించేస్తే క్లెయిమ్ సగం పోయినట్టే. క్యాష్‌లెస్ ఆశ పెట్టుకోకండి. ముందు మన జేబులోంచి కట్టి, తరవాత బిల్లు పెట్టుకోవడమే.

బిల్లుల దగ్గర ఒక తమాషా ఉంది. నేపాల్ కాగితాల మీద తేదీలు విక్రమ సంవత్సరంలో ఉంటాయి. 2025 ఏప్రిల్ మధ్యలో వాళ్లకు 2082 మొదలైంది. పోలీసు రిపోర్టు మీద ఆ ఏడు చూసి ఇక్కడి క్లెయిమ్ డెస్క్ ‘తేదీ తప్పు’ అని ఫైలు వెనక్కి పంపింది. ఇంగ్లిష్ అనువాదం, నోటరీ, రెండు తేదీలూ పక్కపక్కన రాసిన కవరింగ్ లెటర్ జత చేస్తేనే అది కదిలింది. మొదటిసారే అలా పెట్టేస్తే నెల రోజులు కలిసొస్తాయి. బిల్లు మొత్తం నేపాలీ రూపాయల్లో ఉంటుంది. మన రూపాయికి వాళ్లది 1.60, ఆ లెక్క బిల్లు మీదే వేసి చూపించండి.

ముక్తినాథ్ దారిలో బేనీ నుంచి జోమ్‌సోమ్ వైపు వెళ్లేవాళ్లు ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మీద కన్నేసి ఉంచాలి. రాయి తగిలి సంప్ పగిలితే అది ప్రమాదం, డబ్బు వస్తుంది. ఆయిల్ లైటు వెలిగాక కూడా ‘పక్క ఊరు దాకా’ అని నడిపి ఇంజిన్ పట్టేసిందంటే, అది పర్యవసాన నష్టం కిందకు పోతుంది, ఇవ్వరు. వాగులో నీళ్లు మింగి ఇంజిన్ లాక్ అయినా, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే అదే జవాబు. బండి అక్కడి షెడ్డులో ఉండగా భన్సార్ గడువు దాటితే జరిమానా మీదే, పాలసీ ఇవ్వదు. గడువు పూర్తికాకముందే దగ్గర్లోని కస్టమ్స్ ఆఫీసులో పొడిగించుకోండి.

అద్దం గీసుకుపోవడం, డోరు సొట్ట పడటం లాంటివాటికి క్లెయిమ్ జోలికి పోకపోవడమే నయం. 1500 సీసీ దాకా వెయ్యి, దాటితే రెండు వేలు తప్పనిసరిగా కోసేస్తారు. 50 శాతం దాకా పెరిగిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. దానికితోడు అనువాదం, నోటరీ ఖర్చు.