లష్కర్ బోనాలా, నుమాయిషా?

హైదరాబాద్‌కు ఒక్కసారే రాగలిగితే ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) అమ్మవారి బోనాలకు రావాలా, జనవరిలో నుమాయిష్ ప్రదర్శనకా? నా మొగ్గు ఆషాఢం వైపే.

నుమాయిష్‌లో తొందర లేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై నాంపల్లికి చేరిన ఈ ప్రదర్శన సాధారణంగా జనవరి 1 నుంచి ఆరు వారాలకు పైగా ఉంటుంది. కశ్మీరీ శాలువాలు బేరమాడుతూ ఒక సాయంత్రం హాయిగా గడపవచ్చు.

బోనాలు అలా కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గర ఆ ఆదివారం గంటల తరబడి వరుసలో నిలబడాలి. వేపాకులు కట్టిన కుండ, దానిపై వెలిగే దీపం, అమ్మవారి సోదరుడిగా భావించే, ఒళ్లంతా పసుపు పూసుకున్న పోతురాజు కొరడా చప్పుడు! మర్నాడు ‘రంగం’ అనే వేడుకలో మాతంగి (అమ్మవారి పలుకు చెప్పే స్త్రీ) పచ్చి కుండపై నిలబడి భవిష్యవాణి చెబుతుంటే అంత జనమూ చెవులు రిక్కించి వింటారు. ఆ క్షణం ఏ దుకాణంలోనూ దొరకదు. చంటిపిల్లలు వెంట ఉంటే మాత్రం నుమాయిషే మేలు.