జౌగడ రాయి, బరంపురం లాడ్జి

నా సర్వే పని ఈసారి ఒడిశాలోని గంజాం జిల్లాలో పడింది, విశాఖ నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగిపోవచ్చు కదా అని జౌగడలో అశోకుడి శాసనం చూడ్డానికి మిగతా ముగ్గురు స్నేహితురాళ్ళనీ బరంపురం రమ్మన్నాను. కబుర్లేంటంటే, ఒకతె బ్యాంకు ఉద్యోగం మానేసి తవ్వకాల్లో దొరికే కుండపెంకులకు బొమ్మలు గీస్తోంది, జీతం సగమైనా నిద్ర బాగా పడుతోందట. ఇంకొకతె పీహెచ్‌డీ ఎనిమిదో ఏట పడింది, దాని ఊసెత్తొద్దని రైలు దిగగానే చెప్పేసింది. మూడో ఆమె వచ్చింది తిండి కోసం.

మొదటి రాత్రి గోపాలపూర్‌లో సముద్రం కనిపించే గది, 3,200. గది బాగుంది, ఏ వంకా పెట్టలేను, కానీ టిఫిన్ ఎనిమిదికి, బయల్దేరేసరికి తొమ్మిదిన్నర, జౌగడ చేరేసరికి ఎండ నడినెత్తి మీద. అంత ఎండలో అక్షరాలు రాయిలో కలిసిపోయాయి. అశోకుడి శాసనం చూపిస్తానని తీసుకొచ్చి బోడిరాయి చూపించానని ఒకటే నవ్వు.

పట్టుదలకు పోయి ఆ రాత్రి బరంపురంలోనే 900 లాడ్జిలో దిగాం. గీజర్ పనిచెయ్యదు, వేడినీళ్ళు అడిగితే కౌంటర్లో కుర్రాడు "వస్తాయండి" అంటాడు, రావు. అయితే ఐదింటికి ఆటో మాట్లాడిపెట్టింది ఆ కుర్రాడే. సుమారు 35 కిలోమీటర్లు, వెయిటింగ్‌తో కలిపి 1,400. డ్రైవరు మనవాడే, "ఏటమ్మా, ఆ రాయి కోసవేనా ఇంత పొద్దున్నే?" అన్నాడు. జౌగడ అంటే లక్కతో కట్టిన కోటట, శత్రువులు ఎక్కబోతే జారిపోయేవారట. మాకు కనిపించింది మాత్రం గడ్డి మొలిచిన పొడుగాటి మట్టిగట్టు.

ఏటవాలు ఎండలో అదే రాయి వేరేగా ఉంది. ఒక్కో గీతకూ పక్కన సన్నటి నీడ పడి, ఆనాటి బ్రాహ్మీ లిపి అక్షరాలు వరసలు వరసలుగా తేలాయి. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల వరసలో, కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని ఆయన బాధపడిన 13వది ఇక్కడ ఉండదు, 11 నుంచి 13 దాకా తీసేసి, సమాపా (అప్పట్లో ఈ ఊరి పేరు) అధికారులకు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట వాటిలోదే. తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి, జనానికి చదివి వినిపించాలట. తన చేతిలో ఓడిన కళింగ ఊళ్ళో ఏది చెప్పాలో, ఏది మింగాలో బాగా తెలిసినవాడు! మా పీహెచ్‌డీ మనిషి గంటసేపు కదల్లేదు.

1956-57లో ఇక్కడ తవ్వించింది దేబలా మిత్ర, 1981లో భారత పురావస్తు శాఖకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. మేం గీజర్ లేదని గొణుక్కుంటున్నాం, ఆవిడ అప్పట్లో ఎక్కడ దిగారో మరి.

తిరుగుదారిలో తారాతారిణి, మెట్లు 999 అంటారు, మేం రోప్‌వే ఎక్కేశాం. తిండి కోసం వచ్చినామె బరంపురం అప్పడాలు ఆరు కట్టలు కొంది, రైల్లో సగం విరిగాయి.

మళ్ళీసారి పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరి అనుకుంటున్నాం. లాడ్జికి మాత్రం ముందే వీడియో కాల్ చేసి, గీజర్ వేసి చూపించమంటాను.