విశాఖ ఎం.వి.పి. కాలనీలో సొంత కథని కామిక్‌గా గీయడం నేర్పే క్లాసు

బొమ్మలు అందంగా గీయడం నేర్చుకుందామని వెళ్తే నిరాశ పడతారు, ముందే చెప్పేస్తున్నా. మన జీవితంలో జరిగినదాన్ని కామిక్‌గా చెప్పేటప్పుడు అందులో మనల్ని ఎలా చూపించుకోవాలి అన్నదాని మీదే క్లాసంతా నడుస్తుంది, నాకు కావాల్సిందీ అదే. శని, ఆదివారాలు, ఒక ఇంటి మేడ మీద. ఫీజు 1,800, కాగితాలూ పెన్నులూ వాళ్లవే.

మొదట అద్దంలో చూసి గీయమన్నారు, తర్వాత అద్దం తీసేసి అదే మొహాన్ని నాలుగైదు గీతల్లో, ఆ గీతలతోనే చిన్నప్పుడు, పదో తరగతిలో, ఇప్పుడు. వయసు మారినా ప్రతి గడిలోనూ చదివేవాళ్లు పట్టుకునే గుర్తు ఒకటి ఉండాలి. నాకు అది వంకర పాపిట.

మేడమ్ చూపించిన పేజీలు చాలా బాగున్నాయి. నాజీల కాలంలో తన తండ్రి పడ్డ కష్టాల మీద గీసిన 'మౌస్' కామిక్‌లో ఆర్ట్ స్పీగల్‌మన్ యూదుల్ని ఎలుకలుగా గీశాడు, తనని కూడా. 1991లో వచ్చిన రెండో భాగంలో ఒకచోట మాత్రం మనిషి తలకి ఎలుక ముసుగు కట్టుకుని బల్ల ముందు కూర్చుంటాడు. తండ్రి పడ్డ నరకం మీద రాసిన పుస్తకం తనకి పేరు తెచ్చిపెట్టిందన్న బాధంతా ఆ ముసుగులో కనబడుతుంది. తన ఇంటి కథనే 'ఫన్ హోమ్' (2006) కామిక్‌గా గీసిన అలిసన్ బెక్‌డెల్ అయితే ఒక్కో పాత్రలా తనే నిలబడి ఫొటోలు తీసుకుని, వాటిని చూసి గీసింది. మా చేతా అదే చేయించారు. హుద్‌హుద్ తుఫాను రోజు, అంటే 2014 అక్టోబర్ 12న, మా నాన్న తలుపుకి వీపు ఆనించి గాలిని ఆపుతూ నిలబడ్డారు. నేనూ అలా నిలబడి చూశాను. మోకాళ్లు ఎంత వంగుతాయో, మెడ ఎటు తిరుగుతుందో ఒంటికి తెలిశాక గీత మారిపోయింది.

అక్షరాల విషయమే గట్టిగా నచ్చలేదు. పాత్రల మాటలు రాసే బెలూన్ల కొలతలన్నీ ఇంగ్లీషు కామిక్స్‌వే చెప్పారు. మనకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా, వరసలు అంత దగ్గరగా పెడితే పై వత్తు కింది గుడిని గుద్దేస్తుంది, అందుకే ముందు మాటలు రాసి, ఆ తర్వాతే వాటి చుట్టూ బెలూన్ గీయాలి. "ఏటే గుంటా, కిటికీ కాడ ఏటి పని" అన్న మా నాయనమ్మ మాట పట్టించడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. బాపు గారి చేతిరాత చూస్తూ పెరిగినవాళ్లం, అక్షరాలకి ఓ పూటైనా ఇవ్వాలి. మేడమ్‌కి చెప్తే తర్వాతి బ్యాచ్‌లో పెడతానన్నారు.

లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఫోన్ చేయండి, కింది గదిలో కూర్చోబెడతారు.