పాత 50 టన్నుల హాల్‌పాక్ డంపర్: అంతా రిటార్డర్ చలవే

గనుల్లో మట్టీ బొగ్గూ మోసే పాత డంపర్ల మాట వస్తే చాలామంది ఇంజిను గురించో, మనిషికంటే ఎత్తుండే టైర్ల గురించో చెప్తారు. నేను మాత్రం వాలులో బండి వేగాన్ని పట్టి ఉంచే రిటార్డర్ గురించే చెప్తాను. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో (పైనుంచి తవ్వే బొగ్గు గనుల్లో) ఈపీ ఆపరేటర్‌గా, అంటే భారీ యంత్రాలు నడిపేవాడిగా, నా సర్వీసులో ఎక్కువ భాగం 50 టన్నుల బండి మీదే గడిచింది. ఆ బండి మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం ఎడమ కాలి దగ్గరుండే ఒక్క పెడల్.

అందరికీ తెలిసిన కొలతల జోలికి పోను. 1957లో అమెరికాలో లెటర్నో వెస్టింగ్‌హౌస్ కంపెనీ హాల్‌పాక్‌ని తెచ్చింది, దాని వెనక ఉన్న ఇంజినీరు రాల్ఫ్ క్రెస్. పొట్టి వీల్‌బేస్, వీ ఆకారంలో లోతైన బాడీ, కమాన్ కట్టల బదులు గ్యాసూ ఆయిలూ నింపిన సస్పెన్షన్ సిలిండర్లు అందులోనే వచ్చాయి. ఇప్పుడు ఏ గనిలో చూసినా డంపర్లు ఆ పోలికతోనే ఉంటాయి. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ మొదలయ్యాక ఈ తరహా బండ్లే గనుల రూపం మార్చాయి. దేశంలో తయారైన బండ్లని కూడా పాతవాళ్లు హాల్‌పాక్ అనే పిలిచేవాళ్లు. నేను నడిపింది 19 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజిను, అల్లిసన్ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) ఉన్న బండి.

డంపర్ పని అంటే లోడుతో ఎక్కడం, ఖాళీగా దిగడం అనుకుంటారు. బొగ్గుకి అది నిజమే. ఓబీ, అంటే బొగ్గు మీదుండే మట్టీ రాయీ, దాని సంగతి వేరు. బొగ్గు తీసేసిన చోటిని మట్టితో పూడ్చేటప్పుడు పై బెంచీ (గనిలో మెట్టులా తవ్విన అంచు) నుంచి మట్టి ఎత్తుకుని లోపలి డంపుకి దిగాలి. లోడుతో కలిపి 80 టన్నులు దాటే బండి వాలులో పోతుంటే దాన్ని పట్టి ఉంచడమే ఆపరేటర్ పని. మా బండి బ్రేకులంటే డ్రమ్ములు, షూలు, గాలి. వాలు పొడుగునా వాటినే తొక్కుతూ వస్తే కిందికి చేరేసరికి లైనింగ్ మాడిన వాసన క్యాబిన్ దాకా వస్తుంది. రెండో ట్రిప్పుకి బ్రేకు మెత్తబడుతుంది. మూడో ట్రిప్పుకి గుండె గొంతులోకి వస్తుంది.

రిటార్డర్ ఉన్న బండిలో ఆ టెన్షన్ లేదు. ఇంజిను శక్తిని ఆయిల్ ద్వారా అందించే కన్వర్టర్‌కీ గేర్లకీ మధ్య ఒక గది, అందులో రెక్కల చక్రం తిరుగుతూ ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ గదిలోకి ఆయిల్ వస్తుంది. తిరిగే రెక్కలకీ కదలని రెక్కలకీ మధ్య ఆయిల్ సుడి తిరిగి చక్రాన్ని పట్టేస్తుంది. ఆ పట్టు షాఫ్టు మీదుగా వెనక టైర్లకి చేరుతుంది. బండి వేగం అంతా వేడిగా మారి ఆయిల్‌లోకి పోతుంది, కూలర్ గుండా ఇంజిను నీళ్లలోకి, అక్కణ్నుంచి రేడియేటర్ ద్వారా బయటికి పోతుంది. ఇనుముకి ఇనుము రాసుకోదు. అరిగే లైనింగు లేదు.

తొక్కగానే పట్టదు. ఆయిల్ నిండడానికి ఒక్క క్షణం పడుతుంది, కొత్తవాళ్లు ఆ క్షణంలోనే భయపడి బ్రేకు మీద పడతారు. ఆ తర్వాత సీటు కింద నుంచి గుర్రుమనే శబ్దం మొదలవుతుంది, ఛాతీ ముందుకి వాలుతుంది, స్పీడోమీటరు సూది ఒక చోట నిలబడిపోతుంది. 50 టన్నుల మట్టి వెనక నుంచి తోస్తుంటే ఆ సూది కదలకుండా ఉండడం ఎంత హాయిగా ఉంటుందో ఆ సీట్లో కూర్చున్నవాళ్లకే తెలుసు. నైట్ షిఫ్టులో, దుమ్ములో, ముందు బండి వెనక లైటు చుక్కలా కనపడే దారిలో నేను నిశ్చింతగా దిగానంటే ఆ శబ్దం వల్లే.

దీనికి ఒక షరతు ఉంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఆ గేరులోనే రావాలి. పెద్ద గేరులో వస్తే రెక్కల చక్రం నెమ్మదిగా తిరిగి పట్టు తగ్గుతుంది, నీళ్ల పంపు కూడా నెమ్మదిగా తిరిగి కూలర్ చల్లబరచలేదు. మామూలుగా 120 డిగ్రీల లోపు ఉండాల్సిన ఆయిల్ రిటార్డర్ వాడేటప్పుడు 165 దాకా పోవచ్చు, అంతకు మించకూడదు. సూది పైకి పోతుంటే గేరు తగ్గించి ఇంజిను ఆర్‌పీఎం పెంచాలి. కాలు తీసేసి బండిని వదిలేయడం మాత్రం కాదు.

ఇక అసలు కథ. ఒక ఎండాకాలం నా బండి ర్యాంపు ఎక్కడం మానేసింది. పదహారుకి ఒకటి వాలున్న దారి, ఎప్పుడూ ఎక్కేదే. వెనక బండ్లన్నీ హారన్ కొడుతుంటే నాది ఒక గేరు కిందికి పడిపోయి మూలుగుతూ పాకేది. ఆయిల్ వేడి సూది ఎక్కేటప్పుడు కూడా ఎర్రగీత దగ్గరే. అన్నిటికన్నా బాధ పెట్టింది నా బండి వల్ల షావల్ (మట్టి ఎత్తి పోసే యంత్రం) దగ్గర లైను ఆగిపోవడం.

వర్క్‌షాపులో అందరూ ఇంజినునే అనుమానించారు. ఫ్యూయల్ ఫిల్టర్లు మార్చారు. డీజిల్ అందించే పీటీ పంపు దించి చెక్ చేసి ఎక్కించారు. ఇంజెక్టర్లు తీశారు. టర్బో షాఫ్టు చేత్తో ఊపి చూశారు, బాగుంది. ఎయిర్ క్లీనర్ కొత్తది వేశారు. తర్వాత స్టాల్ టెస్టు చేశారు, అంటే బ్రేకులు పట్టి ఉంచి గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి చూశారు. ఆర్‌పీఎం ఉండాల్సిన చోటే ఉంది. "అన్నా, ఇంజిన్‌ది ఏం తప్పు లేదే, కన్వర్టరూ మంచిగనే ఉంది. లోడ్ ఎక్కువ పోస్తున్నరేమో" అన్నాడు ఒక కుర్ర ఫిట్టర్. బండి మళ్లీ గనిలోకి దిగింది, మళ్లీ అదే మూలుగు.

రిటైర్మెంటుకి దగ్గర పడ్డ ఒక ఫిట్టర్ ఉండేవాడు, అందరం కాకా అనేవాళ్లం. ఆయన సెకండ్ షిఫ్టులో వచ్చి స్పానర్ కూడా పట్టుకోకుండా క్యాబిన్ ఎక్కి నా పక్కన నిలబడ్డాడు. "పెడల్ మీద కాలు తియ్యి బిడ్డా. న్యూట్రల్‌ల పెట్టి ఎక్సలేటర్ తొక్కు" అన్నాడు. తొక్కాను. ఇద్దరం ఆయిల్ వేడి సూదినే చూస్తున్నాం. బండి కదలట్లేదు, లోడు లేదు, పెడల్ మీద కాలు లేదు. అయినా సూది నెమ్మదిగా పైకి పాకుతోంది. కాకా నవ్వి "రిటార్డర్ లోపల పట్టుకొనే ఉంది" అన్నాడు.

స్టాల్ టెస్టులో ఇది ఎందుకు దొరకలేదో ఆయనే విప్పి చెప్పాడు. స్టాల్ టెస్టులో బ్రేకులు పట్టి ఉంటాయి కాబట్టి కన్వర్టర్‌లో గేర్ల వైపుండే చక్రం, టర్బైన్, తిరగదు. టర్బైన్ తిరగకపోతే దాని షాఫ్టు మీదున్న రిటార్డర్ రెక్కలూ తిరగవు. తిరగని రెక్కల చుట్టూ ఎంత ఆయిల్ ఉన్నా పట్టు కనపడదు, అందుకే టెస్టు పాసైంది. న్యూట్రల్‌లో టర్బైన్ స్వేచ్ఛగా తిరుగుతుంది, ఆ గదిలో ఉండకూడని ఆయిల్ ఉంటే సుడి తిరిగి వేడెక్కుతుంది. ఎక్కే దారిలో ఇంజిను మట్టిని ఎంత లాగుతోందో, తన బండి బ్రేకునీ అంత లాగుతోందన్నమాట. ఇన్నేళ్లు తొక్కిన పెడల్ వెనక ఏముందో నాకు నిజంగా అర్థమైంది ఆ పది నిమిషాల్లోనే.

రిటార్డర్‌లోకి ఆయిల్ వదిలే వాల్వు విప్పితే లోపలి రబ్బరు సీలు ఉబ్బిపోయి, స్పూల్‌ని (వాల్వులో జరిగే కడ్డీని) పూర్తిగా వెనక్కి పోనివ్వట్లేదు. అంతకు ముందు సర్వీసులో వేసిన సీల్ కిట్టు బయటి సప్లయర్ దగ్గర నుంచి వచ్చిందట. అసలు దాని పక్కన పెడితే చూడ్డానికి ఒకటే. వేడి ఆయిల్ తగిలేసరికి ఆ రబ్బరు మెత్తబడి ఉబ్బింది. అరచేతిలో పట్టేంత సీలు కోసం పంపూ ఇంజెక్టర్లూ దించారు, అన్ని షిఫ్టులు పోయాయి. ఆ సప్లయర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. గనిలో నాసిరకం సరుకు అమ్మేవాడు ఆ సీలు వెనక వాలులో ఒక మనిషి కూర్చుంటాడని ఆలోచించాలి. మాది వదలని సీలు కాబట్టి బండి ఎక్కలేదు, అంతే. అదే పట్టని సీలై, లోడుతో దిగేటప్పుడు బయటపడి ఉంటే?

పైన అరిగే లైనింగు లేదని రాశాను. అది నిజమే, కానీ ఆ మాట విని దీనికి మెయింటెనెన్స్ అక్కర్లేదనుకోకూడదు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వచ్చినా మార్చకపోతే, కూలర్ మట్టి కొట్టుకుపోయినా పట్టించుకోకపోతే మే నెలలో రామగుండం ఎండకి సూది ఎప్పుడూ ఎరుపు దగ్గరే తిరుగుతుంది. నిశ్చింతగా దిగానన్న మాట కూడా పొడి దారికే. రిటార్డర్ పట్టేది వెనక చక్రాలనే. వానాకాలంలో, వాటర్ ట్యాంకర్ అప్పుడే తడిపి పోయిన బంకమట్టి మీద, ఖాళీ బండితో గట్టిగా తొక్కితే వెనక టైర్లు జారి బండి పక్కకి తిరుగుతుంది. అలాంటి దారిలో ముందే చిన్న గేరులోకి వచ్చి, పెడల్ని సగం సగం వాడుతూ దిగాలి. పైగా అది బండిని ఆపదు, వేగాన్ని పట్టి ఉంచుతుందంతే. ఆగాలంటే బ్రేకు కావాల్సిందే. రిటార్డర్ ఉందని బ్రేకుల సర్దుబాటు వాయిదా వేసిన బండ్లని చూస్తే నాకు వణుకు వచ్చేది.

సర్వీసు చివర్లో 100 టన్నుల బండి కూడా నడిపాను. ఆయిల్‌లో మునిగి ఉండే డిస్క్ బ్రేకులు, ఏసీ క్యాబిను. నడుముకి అదే మేలు, ఈ కాలం పిల్లలకి అదే ఇవ్వాలి. పాత బండి సస్పెన్షన్‌ని ఆ రోజుల్లో అందరం పొగిడేవాళ్లం, గ్యాసు సరిగ్గా నింపినంతకాలం బాగుండేది కూడా. ఇప్పుడు నా నడుము ఎక్స్‌రే చూస్తే డాక్టరు మాత్రం పొగడడు. రిటార్డర్ విషయంలో నా తీర్పు మారలేదు. అయితే మా దారులకి చదును చేసే గ్రేడర్ రోజూ తిరిగేది, కాకా లాంటి ఫిట్టర్ ఉండేవాడు, వాలు ఒక కట్టుబాటులో ఉండేది. ఇవేవీ లేని చోట ఇదే బండి ఇలాగే పని చేస్తుందని నేను చెప్పలేను.

సర్వే ఆఫ్ చేసిన (ఇక పనికిరావని గని పక్కన పెట్టిన) పాత డంపర్లని వేలంలో కొనే క్వారీల వాళ్లు నన్ను అడుగుతుంటారు, చీమకుర్తి వైపు నుంచి కూడా. వాళ్లకి చెప్పేది ఇది. ట్రాన్స్‌మిషన్ ప్లేటు మీద సీఎల్‌బీటీ అని ఉందా, సీఎల్‌టీ అని ఉందా చూడండి. సీఎల్‌టీ అయితే రిటార్డర్ లేనట్టే, లోడుతో దిగే పనికి ఆ బండి వద్దు. సీఎల్‌బీటీ అయితే ఇంజిను బాగా వేడెక్కాక చదును నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, పెడల్ మీద కాలు లేకుండా ఆర్‌పీఎం పెంచి కాసేపు సూదిని చూడండి. సూది నిలబడితే మిగతావి చూడండి. అది పాకుతూ పోతుంటే, వాల్వు విప్పి చూపించేదాకా రేటు మాట ఎత్తకండి.