మౌజర్ 98 బాగుచేయించాలా, ఇషాపూర్ 315 బాగుచేయించాలా?

విజయనగరంలో తాతల నాటి వేట తుపాకీ లైసెన్సుతో సహా చేతికొచ్చినవాళ్లకి వచ్చే సందేహమే ఇది. వేట వన్యప్రాణుల సంరక్షణ చట్టంతోనే ఆగింది. మిగిలింది పనితనం మీద ప్రేమే. నా మనసు జర్మనీ రైఫిలు మౌజర్ మీదే. దాని బోల్టు (తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) పక్కన పొడవాటి ఉక్కు పట్టీ ఉంటుంది. మ్యాగజైన్‌లోంచి పైకొచ్చే తూటా అంచుని అక్కడే ఒడిసిపట్టి గొట్టంలోకి చేరుస్తుంది, బయటికి లాగేదీ అదే. బోల్టు పిడి పైకెత్తగానే తూటాని పేల్చే సూది స్ప్రింగు బిగుస్తుంది.

ఇషాపూర్ ఫ్యాక్టరీ 315ది బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు వంశం. దీని స్ప్రింగు బోల్టు ముందుకి తోసేటప్పుడు బిగుస్తుంది, నడక మహా నున్నన. తూటాలు మన దేశంలోనే తయారవుతాయి, అది పెద్ద సుఖం.

తుప్పు మాత్రం రెండిటికీ ఒకటే. భోగాపురం వైపు ఉప్పుగాలికి అది పైన కనబడదు, చెక్క కింద దాగిన గొట్టాన్ని తింటుంది. విప్పి చూడటం లైసెన్సున్న మరమ్మతుదారు పని. చెక్కని గరుకు కాగితంతో రుద్దనివ్వకండి, పల్చగా అవిసె నూనె పట్టిస్తే చాలు.