రోజూ పనికి ఈ నల్ల సైకిలే చాలు

పాతపట్నం నుంచి మహేంద్రతనయ ఏరు దాటి ఒడిశాలోని పర్లాకిమిడిలో పనికి రోజూ ఈ సైకిల్ మీదే వెళ్తాను. పాతకాలపు నల్ల రోడ్‌స్టర్, 28 అంగుళాల చక్రాలు, గేర్లు లేవు. పెద్ద చక్రాలు కాబట్టి గతుకుల్లోనూ సాఫీగా దొర్లుతుంది, మిగతా కుదుపు సీటు స్ప్రింగులు తీసుకుంటాయి. నిటారుగా కూర్చుంటాం కాబట్టి వంతెన మీద ఏటిగాలి నేరుగా ముఖానికి తగులుతుంది. ఆ కాసేపటి కోసమే నేను బస్సెక్కను. దారిలో ఒకరు తెలుగులో, ఇంకొకరు ఒడియాలో పలకరిస్తే కాలు నేలకు ఆనించి నాలుగు మాటలు మాట్లాడి కదలొచ్చు. ఆఫీసుకు చేరేసరికి టెన్షన్ అంటూ ఏమీ మిగలదు.

చైన్‌కు నిండా కవరుంది, ప్యాంటుకు గ్రీజు అంటదు. క్యారియర్ గట్టిది, సాయంత్రం కూరగాయల సంచి, బియ్యం కూడా మోస్తుంది.

లోపం బ్రేకులదే. ఇవి తీగకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు, స్టీలు రిమ్ తడిస్తే సరిగా పట్టవు. వానలో చాలా ముందునుంచే నొక్కాలి. బరువూ ఎక్కువే, మేడ మీద ఇల్లున్నవారికి కష్టం.

కొనేవారు ఫ్రేము ఎత్తు చూసుకోండి. 22, 24 అంగుళాలవి దొరుకుతాయి. సీటు మీద కూర్చుంటే కాలివేళ్లు నేలకు అందాలి.