పేజీ ఇచ్చి అడిగితేనే: గ్రంథాలయ పనిలో చాట్‌బాట్‌తో నా అనుభవం

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన కొన్నాళ్లకే దాన్ని గ్రంథాలయ పనికి వాడటం మొదలుపెట్టాను. తర్వాత వచ్చినవి కూడా వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. కేటలాగింగ్ (పుస్తక వివరాల నమోదు), పాఠకుల ప్రశ్నలకి జవాబిచ్చే రిఫరెన్స్ డెస్క్, పాత పత్రికల సూచికలు, సొంత చదువు, అన్నిటికీ. ఇన్నాళ్లలో నాకు బాగా తేలిన విషయం ఒకటుంది. పేజీ ముందు పెట్టి అడిగితే ఇది మంచి పనివాడు. ఏమీ ఇవ్వకుండా జ్ఞాపకం మీద చెప్పమంటే నమ్మడానికి లేదు. రెండుసార్లూ ఒకే ధీమాతో మాట్లాడుతుంది కాబట్టి ఆ తేడా వాడేవాళ్లే పట్టుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది పాత పత్రికల దగ్గర. బైండు చేసిన సంపుటాలు అల్మారాల నిండా ఉంటాయి, ఏ సంచికలో ఎవరి వ్యాసం ఉందో చెప్పే సూచిక మాత్రం ఉండదు. కూర్చుని రాసే తీరిక ఎవరికీ లేక అలా మిగిలిపోయాయి. ఇప్పుడు విషయసూచిక పేజీని ఫోన్‌తో ఫోటో తీసి ఇచ్చి, రచయిత, శీర్షిక, సంచిక, పేజీ అనే గడులతో పట్టిక చేయమంటున్నాను. చేసిస్తుంది. తెలుగు అంకెలు వాడిన పత్రికల్లో ౨కీ ౩కీ పొరబడుతుంది, ఒత్తులు తారుమారు చేస్తుంది. అయినా దిద్దుకోవడం రాయడం కన్నా ఎంతో తేలిక. ఎన్నో ఏళ్లుగా ఎవరూ తెరవని సంపుటాన్ని ఒక పరిశోధక విద్యార్థి సూచికలో చూసి అడిగితే కలిగే సంతోషం ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి తెలుసు.

ఓసీఆర్ (పేజీ బొమ్మలోంచి యంత్రం అక్షరాలు చదివి తీయడం) చేసిన పాఠాన్ని శుభ్రం చేయడంలో మాత్రం జాగ్రత్త. తప్పులు దిద్దమంటే రచయిత భాషనే దిద్దేస్తుంది. అరసున్నలు ఎగిరిపోతాయి, ఱ కాస్తా ర అవుతుంది, ‘వ్రాసెను’ ఉన్నచోట ‘రాశాడు’ వచ్చి కూర్చుంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కానీ పాత పుస్తకాన్ని పాతగానే భద్రపరచడం మన పని. అందుకే ‘ఏ మాటా మార్చవద్దు, అనుమానమున్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టు’ అని ప్రతిసారీ రాస్తాను. అలా రాసినా కొన్ని మార్చేస్తుంది. మూలం బొమ్మతో పోల్చి చూడకుండా ఒక్క పేజీ కూడా ఎక్కించకూడదు.

కేటలాగింగ్ సంగతి. శీర్షిక పేజీ, దాని వెనక పేజీ, విషయసూచిక ఇస్తే మార్క్ 21 (పుస్తక వివరాలను అంకెలు వేసిన గడుల్లో రాసే కంప్యూటరు కేటలాగు పద్ధతి) రికార్డు ముసాయిదా చక్కగా తయారు చేస్తుంది. 245లో శీర్షిక, 264లో ప్రచురణ వివరాలు, 300లో పుటలు సరిగానే పడతాయి. 520లో రాయాల్సిన నాలుగు వాక్యాల పరిచయం అయితే నాకన్నా వేగంగా, చాలాసార్లు శుభ్రంగా రాస్తుంది. ఇంగ్లీషు పుస్తకం ‘ది’తో మొదలైతే అక్షరక్రమంలో పెట్టేటప్పుడు మొదటి నాలుగు స్థానాలు వదిలేయమని చెప్పే 245 రెండో ఇండికేటర్ 4 ఉండాలి, అప్పుడప్పుడు సున్నా పెట్టి వదిలేస్తుంది. అది చిన్న సంగతే.

పెద్ద సంగతి తెలుగు పేర్లు. శ్రీరంగం శ్రీనివాసరావు అనే పేరులో శ్రీరంగం ఇంటిపేరు అని మనకి చెప్పక్కర్లేదు. చాట్‌బాట్‌కి చెప్పాలి. లేకపోతే చివర ఉన్న ‘రావు’ను ఇంటిపేరు చేసేస్తుంది. మళ్లీ శ్రీశ్రీ అన్న పేరుతో మరో రికార్డు. ఒకే కవి కేటలాగులో ఇద్దరు ముగ్గురుగా చీలిపోతే, వెతికే పాఠకుడికి సగం పుస్తకాలు కనిపించవు. ఏ రచయిత పేరు ఏ రూపంలో రాయాలో ఖాయం చేసిన మా అథారిటీ ఫైలులోంచి సంబంధిత వరుసలు ముందే అతికించి, ఇందులో ఉన్న రూపాలే వాడమని చెప్పడం మొదలుపెట్టాక ఈ బాధ చాలావరకు తగ్గింది.

పుస్తకాన్ని విషయం ప్రకారం వర్గీకరించే డ్యూయీ సంఖ్యలూ అంతే. 500 విజ్ఞానశాస్త్రం, 900 చరిత్ర, భూగోళం లాంటి పై తరగతుల్లో తడబడదు. లోతుకు వెళ్లి, పట్టికలు కలిపి సంఖ్య కట్టాల్సి వచ్చినప్పుడు చూడటానికి నిజంలా ఉండే సంఖ్య ఇస్తుంది. తెలుగు సాహిత్యం 894.827. దీనికి బదులు తమిళం సంఖ్య 894.811 రావడం చూశాను. పుస్తకం దేని గురించో చెప్పే విషయ శీర్షికలు అడిగితే ప్రామాణిక జాబితాలో లేనివాటిని కూడా ఉన్నట్టే రాస్తుంది. దాని సూచనను వెతకడానికి దారిగా తీసుకోవచ్చు, జవాబుగా తీసుకోకూడదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఎప్పుడూ అడగకండి. 13 అంకెల్నీ వరసగా 1, 3, 1, 3తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. అది చెప్పే చాలా సంఖ్యలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతాయి. లెక్క దాటినంత మాత్రాన ఆ పుస్తకం ఉందని కూడా కాదు.

రిఫరెన్స్ డెస్క్ దగ్గర పరిస్థితి మరీ మారిపోయింది. విద్యార్థులు చాట్‌బాట్ ఇచ్చిన వ్యాసాల జాబితా పట్టుకుని వస్తున్నారు. పత్రిక నిజం, రచయిత నిజం, సంపుటం సంఖ్య కూడా నమ్మేలా ఉంటుంది, ఆ వ్యాసం మాత్రం ఎక్కడా ఉండదు. ఆ పిల్లల తప్పు ఇందులో లేదు. 2025 మే నెలలో అమెరికాలో ‘షికాగో సన్-టైమ్స్’తో వచ్చిన వేసవి ప్రత్యేక అనుబంధంలోనే చదవదగ్గ పుస్తకాలంటూ 15 పేర్లు వేస్తే, అందులో 5 మాత్రమే నిజంగా ఉన్నవి. మిగతావి పేరున్న రచయితల పేర్ల మీద చాట్‌బాట్ అల్లినవి. అందుకే ఇంకో గ్రంథాలయం నుంచి తెప్పించుకునే ఇంటర్ లైబ్రరీ లోన్‌కి పంపేముందు డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) తెరిచి చూస్తాను, అది లేకపోతే ఆ సంచిక విషయసూచిక తీస్తాను. లేని వ్యాసం కోసం ఇంకో గ్రంథాలయం మనిషిని తిప్పడం అన్యాయం.

ఇంకో లోటు నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లు మొదట అడిగేది సాధారణంగా వాళ్లకి కావాల్సింది కాదు. ‘గుండె మీద పుస్తకాలున్నాయా’ అంటారు. రెండు ప్రశ్నలు వేస్తే, నాన్నకి ఆపరేషన్ అయింది, ఇంట్లో ఎలా చూసుకోవాలో తెలియాలి అని బయటపడుతుంది. చాట్‌బాట్ చాలాసార్లు ఎదురు ప్రశ్న వేయదు, అడిగినదానికి వెంటనే పేజీడు జవాబు పోస్తుంది. ‘జవాబు చెప్పకు, ముందు నాకేం కావాలో మూడు ప్రశ్నలు అడుగు’ అని పాఠకుల చేత రాయించి చూశాను. బాగా మెరుగుపడింది. ఎప్పుడో చదివిన నవల పేరు గుర్తురానివాళ్లకి కూడా ఇదే పద్ధతి. అది ఇచ్చిన పేరును కేటలాగులో చూసుకోవడం మాత్రం మన వంతు.

సొంత చదువుకి వస్తే, కఠినమైన వచనం దగ్గర నాకు మంచి తోడు. అధ్యాయం పీడీఎఫ్ ఇచ్చి, ఈ వాదనలో మెట్లేమిటి, రచయిత ఎక్కడ మాట మార్చాడు, ఏ పేజీలో అని అడుగుతాను. పేజీ సంఖ్య తప్పనిసరిగా చెప్పించుకోవాలి. చదివాక నన్నే ప్రశ్నలు వేయమంటాను, అది ఇంకా లాభం. సారాంశం అడిగి చదవడం మానేసేవాళ్లకి ఒక మాట: సారాంశంలో మొదట పోయేది రచయిత సందేహం. ‘బహుశా’, ‘కొన్ని చోట్ల’ అన్నవి రాలిపోయి వాదన రాయిలా గట్టిపడుతుంది.

పద్యాల దగ్గర మాత్రం ఇప్పటికీ పనికిరాదు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. ఆ సూత్రం తడుముకోకుండా చెబుతుంది, పాదం ఇచ్చి లెక్కపెట్టమంటే తప్పుతుంది. మనం అక్షరమనుకునేది దానికి అక్షరం కాదు, పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా తీసుకుంటుంది. ‘స్త్రీ’ మనకి ఒకే అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. సంధులు కూడా ఇష్టమొచ్చిన చోట విడగొట్టి, దానికి తగ్గ అర్థం చెబుతుంది. పద్యానికి టీకా ఉన్న ప్రతి తీసుకోండి.

ఒక విషయంలో రాజీ లేదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న చిట్టా చాట్‌బాట్‌లో పెట్టకూడదు. పేర్లు తీసేసినా సరే, ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో నాలుగు పుస్తకాల పేర్లు చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది. ఎక్కువ వాడిన పుస్తకాల పట్టిక కావాలంటే కోహా లాంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోనే నివేదిక తీయొచ్చు. ఆ నివేదికకి కావాల్సిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే ఆదేశం) రాసిపెట్టమని చాట్‌బాట్‌ని అడగండి, డేటా ఇవ్వకుండా. ఆ పని బాగా చేస్తుంది.

డబ్బు కట్టి వాడాలా అంటే, చదువుకోవడానికి మాత్రమే అయితే ఉచితంగా వచ్చేది చాలు. ఫోటోలు, పెద్ద పీడీఎఫ్‌లు రోజూ ఇవ్వాల్సిన గ్రంథాలయానికి ఉచిత పరిమితి తొందరగా అయిపోతుంది. ముందు ఒక పత్రిక ఏడాది సంపుటం తీసుకుని సూచిక చేయించి, ప్రతి వరుసా సరిచూసి, దిద్దడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. చేత్తో రాసే కాలంలో సగం కన్నా ఎక్కువ పడితే కట్టొద్దు.